పృచ్ఛకుడి కుర్చీలో అమ్మానాన్న

నలుగురు పిల్లలు, ఒక పెద్ద మనిషి, బల్ల మీద కాగితాలు, పెన్సిళ్లు, ఇరవై ముఖాల పాచిక. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటకు కావలసిన సరంజామా ఇంతే. ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర తీసుకుంటారు. ఒకరు వైద్యురాలు, ఒకరు విలుకాడు, ఒకరు తాళాలు విప్పడంలో ఆరితేరిన దొంగ. ఆట నడిపేవారు పరిస్థితి చెబుతారు: ‘కోట తలుపు మూసి ఉంది, లోపల ఎవరో మాట్లాడుకుంటున్నారు, ఏం చేస్తారు?’ పిల్లలు చెప్పినదాన్ని బట్టి, అనుమానం ఉన్నచోట పాచిక పడ్డదాన్ని బట్టి కథ నడుస్తుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ కోవలో అచ్చయిన తొలి ఆట. 2016లో మొదలైన ‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్ పుణ్యమా అని, రూల్ పుస్తకం చూడని పిల్లలకు కూడా ఆ పేరు తెలుసు. మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో ఒక పిల్ల ‘మనమూ ఆడదామా నాన్నా’ అని అడిగితే, ఆట నడిపే కుర్చీ ఇంట్లో పెద్దవాళ్లకే దక్కుతుంది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు నియమాలు సరిగా రావేమోనని భయపడతారు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది: కథంతా ముందే రాసుకుని రావడం. ఈ ఆటలో పెద్దల పని మంచి ప్రశ్న వేసి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టడం అని నా వాదన.

ఐటీ కారిడార్ ఇళ్లకు ఈ మాట మరింత గట్టిగా చెప్పాలి. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. నాటి నుంచి ఇక్కడి బతుకుతెరువు ఒక పద్ధతికి అలవాటుపడింది. అవసరాలు ముందే రాసుకోవాలి, ప్రణాళిక వేయాలి, దారి తప్పితే దాన్ని లోపంగా నమోదు చేయాలి. ఆఫీసులో అన్నం పెట్టే ఈ అలవాటు ఆట బల్ల దగ్గర అడ్డం తిరుగుతుంది. రెండు రాత్రులు మేల్కొని గుహ పటం గీసిన తండ్రి, పిల్లలు గుహలోకి వెళ్లకుండా ఊరి సంతలో మిఠాయి అంగడి పెడతామంటే కంగారుపడతాడు, ఏదో వంకతో వాళ్లను మళ్లీ గుహవైపు తోలుకొస్తాడు. అలా రెండుసార్లు జరిగితే చాలు, తాము ఏం చెప్పినా నాన్న అనుకున్నదే జరుగుతుందని పిల్లలకు తెలిసిపోతుంది. ఆ తర్వాత వాళ్లు చెప్పడం మానేస్తారు.

ఈ ఆట పుట్టుకే నా వాదనకు మొదటి సాక్ష్యం. 1969లో అమెరికాలోని మినియాపొలిస్ - సెయింట్ పాల్ ప్రాంతంలో డేవ్ వెస్లీ అనే యువకుడు నెపోలియన్ కాలపు యుద్ధక్రీడ ఒకటి నడిపాడు. బ్రౌన్‌స్టైన్ అనే ఊహల ఊరు. సైన్యాలకు బదులు ఆటగాళ్లకు మేయరు, విశ్వవిద్యాలయ అధికారి లాంటి వ్యక్తుల పాత్రలు ఇచ్చాడు. వాళ్లు అతని ఏర్పాట్లను పక్కన పెట్టి తమలో తాము మంతనాలు సాగించారు, ఇద్దరైతే ద్వంద్వ యుద్ధానికే దిగారు. పగ్గాలు చేజారాయి, ఆట చెడిపోయిందని వెస్లీ అనుకున్నాడు. ఆడినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు. ఆ గుంపులోని డేవ్ ఆర్నెసన్ దాన్ని ముందుకు తీసుకెళ్లి ‘బ్లాక్‌మూర్’ అనే లోకం కట్టాడు. గైగాక్స్‌తో కలిసి అతను తెచ్చిన ఆటకు వేరు అక్కడుంది. నడిపేవాడి ప్రణాళిక చెదిరిన చోటే ఈ ప్రక్రియ మొలకెత్తింది.

రెండో సాక్ష్యం మన ఇంట్లోనే ఉంది. అష్టావధానంలో పృచ్ఛకుడు పద్యం చెప్పడు, చిక్కుముడి వేస్తాడు. సమస్య ఇస్తాడు, నాలుగు పదాలిచ్చి వాటిని పద్యంలో పొదగమంటాడు, నిషిద్ధాక్షరిలో ఒక్కో అక్షరానికీ అడ్డుపడతాడు. ఆ చిక్కులోంచి అవధాని ఏ దారిన బయటపడతాడో పృచ్ఛకుడికీ తెలియదు. తెలిస్తే సభలో ఉత్కంఠే ఉండదు. పూరణ చెవిన పడగానే అందరికన్నా ముందు ‘భేష్’ అనేది ఆ అడ్డుపడినవాడే. ఆట నడిపే అమ్మకో నాన్నకో ఇంతకన్నా మంచి నమూనా నాకు కనిపించదు. గట్టిగా అడ్డుపడాలి, పిల్లవాడు గట్టెక్కితే మనసారా సంతోషించాలి.

దీన్ని ఆచరణలో పెట్టడానికి రాక్షసుల గుహ అక్కర్లేదు. గచ్చిబౌలికి కొద్ది కిలోమీటర్ల దూరంలో గోల్కొండ ఉంది. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగని కోట, చివరికి లోపలివాళ్లే తలుపు తీయడంతో పడిపోయింది. ముట్టడి ఏడో నెల అనుకోండి. పిల్లల పాత్రలు కోట బయట చిక్కుకున్నాయి, లోపల ఒక అవ్వకు మందు చేర్చాలి. మీరు రాసుకోవలసింది జరగబోయే కథ కాదు, అక్కడున్న మనుషులు, వాళ్ల కోరికలు. ఆకలితో ఉన్న కాపలావాడికి ఏం కావాలి? మొగలు శిబిరంలో రొట్టెలమ్మే ఆమెకు ఎవరి మీద కోపం? ప్రవేశద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిసార్ దగ్గర వినబడతాయని ఇక్కడి పిల్లల్లో చాలామందికి తెలుసు. దాన్ని వాళ్లు సంకేతంగా వాడుకుంటారో, శత్రువును తప్పుదారి పట్టిస్తారో వాళ్లిష్టం. తలుపు తీయబోయే ద్రోహి వాళ్లకు ఎదురుపడితే? చరిత్ర ప్రకారం కోట పడాలి కదా అని ఆపకండి. ఆ మధ్యాహ్నానికి కోట నిలిస్తే నిలవనివ్వండి. అసలు జరిగిందేమిటో ఆట ముగిశాక చెబితే, పాఠంలో చదివినప్పటికన్నా శ్రద్ధగా వింటారు.

పాచిక లెక్క ఒకటి కొత్తవాళ్లు తప్పక తెలుసుకోవాలి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పులో సులువైన పనికి 10, మధ్యస్థానికి 15, కష్టానికి 20 రావాలి. పాత్రకు ప్రత్యేక నైపుణ్యం లేకపోతే ‘సులువు’ అన్న పని కూడా 55 శాతమే నెగ్గుతుంది, 15 రావలసిన పని 30 శాతమే. అంటే ప్రతి చిన్న పనికీ పాచిక వేయిస్తే పిల్లలు అస్తమానం ఓడిపోతూనే ఉంటారు. నెగ్గినా ఓడినా కథకు రుచి ఉండే చోటే పాచిక వేయించాలి. పాచిక పారకపోతే ‘ఏమీ జరగలేదు’ అనకూడదు. గోడ ఎక్కలేకపోయాడు సరే, రాయి జారి చప్పుడైంది, కాపలావాడు దివిటీతో ఇటే వస్తున్నాడు. ఓటమి కూడా ఇంకో ప్రశ్నే కావాలి. కథ ముందుకు సాగడానికి తప్పనిసరైన ఆధారాన్ని ఒక్క పాచిక వెనక ఎప్పుడూ దాచకండి.

కొత్తగా ఆడేవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. ‘నేనేం చేయొచ్చు?’ అని అడగడం మాని ‘నేను ఇలా చేస్తా’ అనండి, నియమం సంగతి నడిపేవారు చూసుకుంటారు. పక్కవాడు మాట్లాడుతుంటే వినండి. మీ పాత్ర స్వభావమే అంతంటూ స్నేహితుడి సామాను దొంగిలించకండి. ఆ స్వభావాన్ని ఎంచుకున్నది మీరే కదా.

ఇక అభ్యంతరాలు. పగ్గాలు వదిలేస్తే పిల్లలు రచ్చ చేస్తారు అనేది మొదటిది. కథను వదిలేయమన్నాను గానీ హద్దులను వదిలేయమనలేదు. హింస ఎంతవరకు, ఏ విషయాలు బల్ల మీదికి రాకూడదు అన్నవి ఆటకు ముందే అందరూ కలిసి తేల్చుకోవాలి. జాన్ స్టావ్రోపోలస్ రూపొందించిన ఎక్స్-కార్డ్ పద్ధతి ఇళ్లలోనూ పనికొస్తుంది. బల్ల మధ్యలో ఒక కార్డు ఉంటుంది, ఎవరికి ఇబ్బంది కలిగినా దాన్ని తాకితే చాలు, కారణం అడగకుండా ఆ సన్నివేశం దాటేస్తారు. దయ్యాలు, మంత్రాల ఆట పిల్లలను చెడగొడుతుందన్న భయం కొత్తది కాదు. 1980లలో అమెరికాలో కొన్ని సంఘాలు ఈ ఆట మీద అదే ఆరోపణతో పెద్ద ఉద్యమమే నడిపాయి, అది రుజువుకు నిలవలేదు. బేతాళ కథలు చదివి పెరిగిన మనం అంత బెంగపడనక్కర్లేదు. కోచింగుల మధ్య తీరికేదీ అన్నది మాత్రం న్యాయమైన ప్రశ్న. చిన్నపిల్లలకు గంటన్నర చాలు, నెలకు రెండు ఆదివారాలు దొరికినా ఆట నిలబడుతుంది.

ఇంగ్లిషు పుస్తకాలతో ఆడే ఆటలో తెలుగు ఎక్కడిదని కొందరంటారు. నాకైతే తెలుగుకు ఇదే మంచి చోటు అనిపిస్తుంది. కాపలావాడిని దబాయించాలన్నా, అవ్వను బతిమాలాలన్నా, నవాబు ముందు విన్నవించాలన్నా ‘నువ్వు’, ‘మీరు’, ‘తమరు’ వేర్వేరుగా నోట పలకాలి. ఇంగ్లిషు మీడియం పిల్లకు ఈ సాధన బడిలో దొరకడం కష్టం. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మను అవ్వ పాత్రలో కూర్చోబెడితే సగం పని అయిపోయినట్టే. నియమాలను తెలుగులో రాసుకోవడానికీ అడ్డు లేదు. 2023 జనవరిలో ప్రచురణ సంస్థ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదల చేసింది. మూలాన్ని పేర్కొంటే చాలు, ఎవరైనా అనువదించవచ్చు, అచ్చువేయవచ్చు. 2022లో వచ్చిన ‘జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటాడెల్’ సంకలనంలో మిమి మొండల్ బెంగాల్ నేల వాసన ఉన్న సాహసాన్ని రాశారు. కృష్ణ, గోదావరి తీరాలకూ అలాంటి రచయితలు కావాలి, వాళ్లు ఈ బల్లల దగ్గరే తయారవుతారని నా ఆశ.

నాకు అన్నిటికన్నా బరువుగా తోచే అభ్యంతరం వేరు. సొంత బిడ్డ ఆడుతుంటే తల్లిదండ్రులు న్యాయంగా ఉండగలరా? కొందరు ముద్దు చేస్తారు. ఎక్కువమంది, పక్షపాతం అంటారేమోనని, తమ బిడ్డనే ఎక్కువ కట్టడి చేస్తారు. అందుకే ఎంత పడాలో ముందే పైకి చెప్పి, పాచిక అందరి ముందూ వేయించాలి. బల్ల దగ్గర మార్కుల మాట, మందలింపు రాకూడదు. దొంగ పాత్రలో బిడ్డ అబద్ధమాడితే నీతి బోధించకండి, ఆ అబద్ధం విన్న కాపలావాడు ఏం చేస్తాడో చూపండి. కొన్నాళ్లకు ఆ బిడ్డే ‘ఈసారి నేను నడుపుతా’ అంటుంది. అడిగిన వెంటనే కుర్చీ ఇచ్చేయాలి. తను నియమం తప్పు చెప్పినా ఆట మధ్యలో దిద్దకండి. అమ్మ ముందు పాత్ర కాగితం, పాచిక ఉంటే చాలు, నియమాల పుస్తకం ఆ పిల్ల దగ్గరే ఉండాలి.