గ్రీన్ బుక్ – నల్లవారి లాడ్జీలు

చేతిలో డబ్బుంటే ఏ ఊళ్లోనైనా లాడ్జి దొరుకుతుందని మనం అనుకుంటాం. అమెరికాలో నల్లజాతివారికి 1964 దాకా డబ్బున్నా దొరికేది కాదు. డాక్టరైనా, పేరున్న గాయకుడైనా సరే, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవారి హోటళ్లు గది ఇచ్చేవి కావు. అందుకే చాలామంది కారులో దుప్పట్లు, తిండి, పెట్రోలు డబ్బా సర్దుకుని బయలుదేరేవారు.

న్యూయార్క్‌లోని హార్లెంలో ఉండే విక్టర్ హ్యూగో గ్రీన్ అనే పోస్ట్‌మ్యాన్ 1936లో ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. అదే 'గ్రీన్ బుక్'. నల్లవారిని రానిచ్చే హోటళ్లు, పెట్రోలు బంకులు, మంగలి షాపుల చిరునామాలు అందులో ఉండేవి. హోటల్ లేని ఊళ్లో తమ ఇంట్లోనే ఒక గది అద్దెకిచ్చే నల్లజాతి కుటుంబాల చిరునామాలూ ఉండేవి. ఆ ఇళ్లు నడిపినవారిలో ఆడవాళ్లు చాలామంది. ఈ పుస్తకం అవసరం లేని రోజు వస్తుందని గ్రీన్ అందులోనే రాశాడు. ఆ రోజు చూడకుండానే 1960లో చనిపోయాడు.

ఈ లాడ్జీలు నిద్రకు మాత్రమే పనికొచ్చాయనుకోవద్దు. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో బానిసల మనవడైన ఏ.జి. గాస్టన్ 1954లో ఒక మోటెల్ కట్టాడు. 1963 ఉద్యమాన్ని మార్టిన్ లూథర్ కింగ్ అక్కడి 30వ నంబరు గది నుంచే నడిపారు. ఇంకెవరి హోటల్లో కూర్చుని నడుపుతారు? ఆ ఏడాది మే 11 రాత్రి దాని మీద బాంబు పడింది.

1964 జూలై 2న పౌరహక్కుల చట్టం వచ్చింది. తెల్లవారి హోటళ్లు తలుపులు తెరవక తప్పలేదు. గొప్ప విజయమే. కానీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ ఒక విషయం గమనించాలి. నల్లవారు తెల్లవారి హోటళ్లకు వెళ్లారు గాని, తెల్లవారు నల్లవారి లాడ్జీలకు రాలేదు. డబ్బు ఒకవైపే పారింది. చాలా లాడ్జీలు మూతపడ్డాయి. గాస్టన్ మోటెల్ కూడా మూతపడి, 2017లో జాతీయ స్మారకంలో భాగమైంది.

చట్టంతో మనసులు మారిపోలేదు. 2015లో హార్వర్డ్ పరిశోధకులు ఎయిర్‌బిఎన్‌బిలో ఇళ్లు అద్దెకిచ్చేవారికి పేర్లు మాత్రం మార్చి ఒకే రకం అభ్యర్థనలు పంపారు. తెల్లవారి పేరుకు నూటికి సుమారు 50 మంది సరేనన్నారు, నల్లవారి పేరుకు 42 మందే. హాస్టల్ వదిలాక గది కోసం తిరిగి, "మీరేమిటోళ్లు?" అనే ప్రశ్న దగ్గర ఆగిపోయిన మనకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

అందుకే అక్కడ కొందరు ప్రయాణికులు వెతికి మరీ నల్లజాతి యజమానుల ఇళ్లలో దిగుతారు. మోనిక్ గ్రీన్‌వుడ్ అనే పత్రికా సంపాదకురాలు 1995లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 'అక్వాబా' అనే అతిథి గృహం తెరిచి, తరువాత ఉద్యోగం మాని అదే వృత్తిగా చేసుకున్నారు. అక్వాబా అంటే ఘనా దేశపు భాషలో స్వాగతం.

రంగు చూసి గది ఎంచుకోవడం మాత్రం వివక్ష కాదా అని మా క్లాసులో ఒకరు అడిగారు. గది ఇవ్వననడం వేరు, ఎవరి దగ్గర దిగాలో ఎంచుకోవడం వేరు. ఆ ఇళ్లలో ఏ రంగువారైనా దిగవచ్చు. 1964 తర్వాత రాకుండా పోయింది ఆ అతిథులే.