ఐ7 అనగానే పడిపోకండి

పిల్లల చదువుకీ, కరెంటు బిల్లు కట్టుకోడానికీ, కాస్త తెలుగు టైపింగుకీ, యూట్యూబుకీ ఇంట్లో ఒక డెస్క్‌టాప్‌ కావాలి. దుకాణంలో అడుగు పెట్టగానే వినబడే మాట: "సార్, ఐ3 ధరకే ఐ7 ఇచ్చేస్తాం." అబద్ధమేమీ కాదు. అది ఏ కాలం నాటి ఐ7 అన్నది మాత్రం మనం అడిగితే తప్ప చెప్పరు.

ఇంటెల్‌ ప్రాసెసర్ల పేర్లలో గీత తర్వాత మొదట వచ్చే ఒకటి రెండు అంకెలు తరాన్ని చెబుతాయి. ఐ7-2600 రెండో తరం, 2011లో వచ్చింది. ఐ3-12100 పన్నెండో తరం, 2022 నాటిది. రెండింటికీ కోర్లు నాలుగే, థ్రెడ్లు ఎనిమిదే. కోరంటే పనివాడనుకోండి. అక్కడా నలుగురే, ఇక్కడా నలుగురే. కానీ కొత్త జట్టులో ఒక్కొక్కడు పాతవాడికి ఇంచుమించు రెట్టింపు పని లాగుతాడు. బ్రౌజరు తెరిచినా, ఎక్సెల్‌ తెరిచినా ఎక్కువ బరువు ఒకరిద్దరి మీదే పడుతుంది కాబట్టి, మనకు తెలిసే వేగమంతా ఆ ఒక్కడి చురుకుదనమే. పైగా పాతదాని విద్యుత్‌ రేటింగు 95 వాట్లు, కొత్తదానిది 60.

ఇంకో చిక్కుంది. విండోస్‌ 10కి మైక్రోసాఫ్ట్‌ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్‌ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్‌ 2000 వరస నుంచి చూసుకోవాలి. పాతవాటి మీద దొడ్డిదారిన ఎక్కించి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. బ్యాంకు పనులు చేసుకునే యంత్రం మీద ఆ ప్రయోగం నాకైతే నచ్చదు.

పేరు చివరి అక్షరం కూడా చూడాలి. మా మేనల్లుడు కాస్త చవకని ఐ3-12100ఎఫ్‌ తెచ్చి తనే బిగించుకున్నాడు. మూడు రోజులు మానిటరు మీద బొమ్మ రాలేదు. కేబుల్‌ మార్చాడు, ర్యామ్‌ తీసి తుడిచి పెట్టాడు, ఆ కోపం మా అందరి మీదా చూపించాడు. ఎఫ్‌ ఉంటే లోపల గ్రాఫిక్స్‌ ఉండదు, విడిగా కార్డు కొనాలి. ఏఎండీ ఏఎం4 సాకెట్‌ రైజెన్లలో లెక్క తిరగబడుతుంది: జి ఉంటేనే గ్రాఫిక్స్‌. రైజెన్‌ 5 5600కి లేదు, 5600జికి ఉంది.

నా ఓటు మామూలు ఐ3-12100కే. బిల్లులు, టైపింగు వరకే అయితే రెండు కోర్ల పెంటియం కూడా సరిపోతుంది. అబ్బాయి చిన్నాచితకా ఆటలాడతాడు, వీడియోలు ఎడిట్‌ చేస్తాడంటే ఆరు కోర్ల 5600జి మేలు. దాని గ్రాఫిక్స్‌ మన ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి వేగం కోసం 16 జీబీని ఒకే స్టిక్‌గా కాక, ఎనిమిదేసివి రెండు వేయించండి.

ప్రాసెసర్‌లో మిగిలిన డబ్బు ఎస్‌ఎస్‌డీకి పెట్టండి. హార్డ్‌డిస్క్‌ మీద విండోస్‌ ఉన్న ఐ7 కన్నా, ఎస్‌ఎస్‌డీ మీద ఉన్న ఐ3 చాలా ముందు లేచి కూర్చుంటుంది.

సికింద్రాబాద్‌ సీటీసీ కంప్యూటర్‌ మార్కెట్‌ అయినా, మీ ఊరి దుకాణమైనా నాలుగుచోట్ల కొటేషన్‌ అడగండి. డబ్బు చేతిలో పెట్టేముందు యంత్రం ఆన్‌ చేయించి, సెట్టింగ్స్‌లో సిస్టమ్‌, దాని కింద అబౌట్‌ తెరవండి. ప్రాసెసర్‌ పూర్తి పేరు అక్కడుంటుంది. బిల్లు మీద కూడా అదే పేరు అంకెలతో, చివరి అక్షరంతో సహా రాయించుకోండి.