అంతర్జాలమున వీసా

విదేశ పౌరసత్వము స్వీకరించిన తెలుగువారికి, ఓ.సి.ఐ. పత్రము లేనిచో, పుట్టినయూరు చూడవచ్చుటకైనను వీసా కావలయును. 2014 నవంబరు 27వ తేదీన దీనికి ఎలక్ట్రానిక్ పద్ధతి ప్రారంభమైనది. నాడు ఏర్పరచిన 9 విమానాశ్రయములలో హైదరాబాదొకటి.

విధానము సులభమే. ప్రభుత్వ వెబ్‌సైటున దరఖాస్తు నింపి, ఛాయాచిత్రమును, పాస్‌పోర్టులోని వివరముల పుటను జతపరచి, కార్డుచే రుసుము చెల్లింపవలెను. రాకకు కనీసము 4 దినములు ముందుగా ఇది ముగియవలెను. పాస్‌పోర్టునకు 6 మాసముల గడువు మిగిలియుండవలెను.

చిక్కంతయు పేరులోనున్నది. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. దరఖాస్తులో ఆ రెంటికిని వేర్వేరు గడులున్నవి. ఇంటి వాడుకను విడిచి, పాస్‌పోర్టున నెట్లున్నదో అక్షరాక్షరము అట్లే వ్రాయవలెను. అనుమతి రాకపోయినను చెల్లించిన రుసుము మరల రాదు. మంచమున నున్న తల్లిని చూడ బయలుదేరినవాడు విమానమెక్కకమునుపే నిలిచిపోవును.

ప్రభుత్వ సైటును పోలిన నకిలీలును గలవు. సైటు పేరు ‘గవ్ డాట్ ఇన్’ అని ముగియుచున్నదో లేదో చూచిన పిమ్మటనే కార్డు సంఖ్య నీయుడు. సొమ్ము చెల్లించినంతమాత్రమున అనుమతి లభించినట్లు కాదు. ‘గ్రాంటెడ్’ అని వచ్చిన పత్రమును అచ్చువేయించుకొని, వెంటనుంచుకొని బయలుదేరుడు.