ఎండ, బొగ్గు దుమ్ము, పెరటి తోట

మంచిర్యాల జిల్లా నస్పూర్‌లో ఎండ ముదిరేకొద్దీ పెరటి మొక్కలకు నీటి ఎద్దడితోపాటు దుమ్ము బెడద కూడా పెరుగుతుంది. సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా గనులు, బొగ్గు లారీలు తిరిగే రోడ్లు దగ్గరే కావడంతో క్వార్టర్ల వెనక బీరపందిరి మీదా, కరివేపాకు మీదా నల్లటి పొర పేరుకుంటుంది. వానాకాలంలో దాన్ని వానే కడిగేస్తుంది. ఫిబ్రవరి దాటాక ఆ పని మనిషి చేయాలి.

పత్రరంధ్రాల నుంచి నీటి ఆవిరి బయటికి పోవడం వల్లే ఆకు చల్లబడుతుంది. దుమ్ము వాటిని పూడ్చేస్తుంది, వెలుతురునూ అడ్డుకుంటుంది. పైగా బొగ్గు పొడి ఎండను పీల్చుకుని ఆకును మరింత వేడెక్కిస్తుంది. ఎర్రనల్లికి ఇదే అదను. దాన్ని తినే మేలుపురుగులు దుమ్ములో సరిగా వేటాడలేవు. వంగ, బెండ ఆకుల మీద సన్నని పసుపు చుక్కలు కనిపిస్తే ఆకు తిప్పి చూడాలి. అడుగున పలుచని గూడు, కదిలే చుక్కలు ఉంటే నల్లి చేరినట్టే. మిరపాకు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. పొద్దున్నే ఆకు అడుగుకు తగిలేలా నీళ్లు చిమ్మితే దుమ్ము వదులుతుంది, నల్లీ చాలావరకు పోతుంది. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం ఎండ చల్లబడ్డాక కొట్టాలి. మధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది.

రోజూ పైపైన చిలకరించే నీళ్లకు వేర్లు పైపొరలోనే ఉండిపోతాయి; ఆ పొరే ముందు ఎండిపోతుంది. జామకు, మామిడికి కొమ్మల నీడ పడేంత మేర పాదు చేసి, నిండా నీళ్లు పట్టి, మళ్లీ మట్టి ఆరాకే పట్టాలి. పాదులో 2 నుంచి 3 అంగుళాల మందాన ఎండుటాకులో వరిగడ్డో పరిస్తే తడి నిలుస్తుంది. మొదలు చుట్టూ మాత్రం కొంత ఖాళీ వదలాలి. వాకిట్లో ఊడ్చి తగలబెట్టే ఆకులే ఇందుకు చాలు. కుండీలను 50 శాతం షేడ్‌నెట్ కిందికి మార్చడం మంచిది. కొమ్మలు నరికే పని ఇప్పుడు పెట్టుకోకూడదు. నీడ పోయిన బెరడు ఎండకు పగులుతుంది.

టమాట సంగతి వేరు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రులూ చల్లబడకపోతే పుప్పొడి చెడి పూత రాలిపోతుంది; నీళ్లు ఎన్ని పోసినా నిలవదు. ఏప్రిల్‌లో ఆ మడిలో గోరుచిక్కుడో బెండో వేసుకోవడమే మేలు.