జీవిత సభ్యత్వం... ఎవరి జీవితం?

నాణేలు పోగేసేవాళ్లు, పిట్టల్ని చూసేవాళ్లు, హామ్ రేడియోలో ప్రపంచాన్ని పలకరించేవాళ్లు... ఒకే సరదా నలుగురిని కలిపితే అది సంఘమవుతుంది. సంఘమన్నాక చందా తప్పదు. 'ఏటా ఎవరు కడతారు, ఒకేసారి కట్టేస్తే పోలా!' అనేవాళ్ల కోసం జీవిత సభ్యత్వమూ ఉంటుంది. పైకి చూస్తే ఇద్దరికీ లాభమే. లెక్క తప్పిందా... సంఘానికే ఎసరు!

స్కూటరు కొన్న రోజే లైఫ్ ట్యాక్స్ కట్టేస్తాం. ఆ తరవాత ఏటా పన్ను గోల ఉండదు. జీవిత సభ్యత్వం తీసుకునేవాళ్లదీ అదే ధీమా. ఒకసారి చెక్కు రాసిచ్చేస్తే చాలు, సంఘం బులెటిన్ ఇంటికొస్తుంది, సమావేశానికి పిలుపొస్తుంది, జాబితాలో పేరు ఎప్పటికీ ఉంటుంది. కార్యదర్శికీ సంతోషమే. ప్రతి జనవరిలో రసీదు పుస్తకం పట్టుకుని సభ్యుల ఇళ్ల చుట్టూ తిరిగే శ్రమ తప్పుతుంది. పైగా పెద్ద మొత్తం ఒక్కసారే చేతికొస్తుంది.

చిక్కంతా ఆ 'పెద్ద మొత్తం' దగ్గరే మొదలవుతుంది.

సరదాకీ ఖర్చుంది

మనదేశంలో అభిరుచి సంఘాలకు చాలా చరిత్రే ఉంది. ప్రకృతిని గమనించే సరదా ఉన్న ఎనిమిదిమంది కలిసి 1883లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీని పెట్టారు. వాళ్లలో ఇద్దరు భారతీయులు. తపాలా బిళ్లలు సేకరించేవాళ్ల కోసం 1897లో ఫిలాటెలిక్ సొసైటీ ఆఫ్ ఇండియా, పాత నాణేల మీద ఆసక్తి ఉన్నవాళ్ల కోసం 1910లో న్యూమిస్మాటిక్ సొసైటీ ఆఫ్ ఇండియా మొదలయ్యాయి. మన హైదరాబాదులో పక్షి ప్రేమికులు 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్‌ను ప్రారంభించారు. దాని బులెటిన్‌కు పెట్టుకున్న పేరు అచ్చమైన తెలుగుమాట... 'పిట్ట'. రాష్ట్ర విభజన తరవాత ఆ సంఘమే డెక్కన్ బర్డర్స్ అయింది.

ఇవన్నీ కాలక్షేపం కబుర్లేనా అంటే, కాదు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఫోన్లు మూగబోయాయి. హైదరాబాద్ కేంద్రంగా 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం సరిగ్గా ఆ సమయానికి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. వాళ్లు వెళ్లింది ద్వీపాల నుంచి ప్రపంచంలోని తోటి హామ్‌లతో మాట్లాడాలన్న సరదాతోనే. ఆ సరదా సరంజామాయే అప్పుడు ద్వీపాలకూ బయటి ప్రపంచానికీ మధ్య వార్తలు మోసింది. 'మావాళ్లు క్షేమమేనా' అని తల్లడిల్లుతున్న కుటుంబాలకు కబురు అందించింది.

అలాంటి సంఘాలు నడవాలంటే డబ్బు కావాలి. హాలు అద్దె, బులెటిన్ అచ్చు, తపాలా, లెక్కల తనిఖీ... ఏది చూసినా ఖర్చే. అమ్ముకోవడానికి సరుకు లేదు, చేయడానికి వ్యాపారం లేదు. చాలా సంఘాలకు చందానే తిండిగింజ.

గింజా? విత్తనమా?

ఇంటర్‌లో కామర్స్ చదివినవాళ్లకు 'వ్యాపారేతర సంస్థల ఖాతాలు' పాఠం గుర్తుండే ఉంటుంది. అందులో వార్షిక చందాను రాబడి వసూలు అంటారు. ఆ ఏడాది ఖర్చులకు వాడుకోవచ్చు. జీవిత సభ్యత్వ రుసుమును మాత్రం మూలధన వసూలుగా చూపిస్తారు. పరీక్షలో ఒకటి రెండు మార్కుల ప్రశ్నే కానీ, సంఘాల బతుకంతా అందులోనే ఉంది.

రైతు భాషలో చెప్పాలంటే వార్షిక చందా తిండిగింజ, జీవిత చందా విత్తనాల గింజ. మొదటిది వండుకోవచ్చు. రెండోది దాచుకోవాలి. దాని మీద వచ్చే పంటనే, అంటే వడ్డీనే తినాలి. ఎందుకంటే ఆ సభ్యుడు ఇక జీవితంలో ఎప్పుడూ పైసా కట్టక్కర్లేదు. కానీ ఆయనకు బులెటిన్ మాత్రం ఏటా పంపాల్సిందే!

వడ్డీ తగ్గింది... ఖర్చు పెరిగింది

ఉదాహరణకు ఒక సంఘం అనుకుందాం. 1995లో ఏడాదికి వంద రూపాయల చందా. దానికి పదిరెట్లు, అంటే వెయ్యి రూపాయలు కడితే జీవిత సభ్యత్వం. రెండొందల మంది కట్టారు. రెండు లక్షలు జమయ్యాయి. కోశాధికారి బుద్ధిమంతుడు, అంతా బ్యాంకులో వేశాడు. ఆ రోజుల్లో ఫిక్సెడ్ డిపాజిట్ మీద 12 శాతం దాకా వడ్డీ వచ్చేది. ఏడాదికి 24 వేలు. తలకు 120 రూపాయలు. చందా కన్నా ఇరవై ఎక్కువే! పదిరెట్లు అన్న లెక్క ఆ కాలానికి సరిగ్గానే సరిపోయింది.

2020 నాటికి అదే డిపాజిట్ మీద పెద్ద బ్యాంకులు ఇచ్చింది అయిదున్నర శాతానికి అటూ ఇటూగా. అంటే ఏడాదికి 11 వేలు. తలకు 55 రూపాయలు. మరి ఖర్చో? 1990ల తొలినాళ్లలో రూపాయికి వెళ్లిన ఉత్తరం కవరు ఆ తరవాత ఐదు రూపాయలైంది. ఏడాదికి నాలుగు బులెటిన్లు పంపితే తపాలాకే ఇరవై పోతుంది. మిగిలిన 35 రూపాయల్లో అచ్చు, కాగితం, హాలు అద్దె... అన్నీ గడవాలి.

ఇది డబ్బు భద్రంగా దాచిన సంఘం కథ. వార్షికోత్సవానికో, గది రంగులకో అసలునే వాడేసిన సంఘం పరిస్థితి ఊహించుకోవచ్చు. కొత్త జీవిత సభ్యులు చేరుతున్నంతకాలం లోటు బయటపడదు. కొత్తవాళ్లు ఇచ్చిన డబ్బుతో పాతవాళ్ల బులెటిన్ అచ్చవుతుంది. చేరేవాళ్లు ఆగిన ఏడాదే అసలు రంగు తెలుస్తుంది.

అమెరికా వాళ్లకూ తప్పలేదు

లెక్క పక్కాగా వేసుకున్నవాళ్లకు కూడా ఈ తిప్పలున్నాయి. అమెరికన్ రేడియో రిలే లీగ్ 1914లో పుట్టిన హామ్ రేడియో సంఘం. 1915 నుంచి 'క్యూఎస్‌టీ' అనే సొంత పత్రిక నడుపుతోంది. అక్కడ జీవిత సభ్యత్వానికి వార్షిక చందాకు 25 రెట్లు తీసుకునేవారు. నాలుగు శాతం వడ్డీ వచ్చినా ఏటి చందా ఏటికి చేతికందుతుందన్నమాట.

కానీ చందా ఒకచోట నిలిస్తేగా! 2001 నుంచి 39 డాలర్లున్నది 2016లో 49 అయింది. 2024లో 59కి చేరింది. ఆపైన అచ్చు పత్రిక కావాలంటే విడిగా డబ్బు కట్టాలన్నారు. 39 డాలర్ల కాలంలో జీవిత సభ్యుడు కట్టింది 975 డాలర్లు. దానిమీద ఏటా 59 డాలర్లు రావాలంటే నాలుగు చాలదు, ఆరు శాతం పైనే కావాలి. పాతికరెట్లు తీసుకున్నా ధరల ముందు తలవంచక తప్పలేదు. పదిరెట్లు తీసుకునే చిన్న సంఘాల సంగతి చెప్పేదేముంది?

ఓటు మాత్రం పదిలం

డబ్బు ఒక ఎత్తయితే, పెత్తనం ఇంకో ఎత్తు. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టంలో 15వ సెక్షన్ ఏమంటుందంటే... చందా మూడు నెలలకు మించి బాకీపడిన వ్యక్తికి ఓటు ఉండదు, అతణ్ని సభ్యుడిగా లెక్కించకూడదు. ఏటా కట్టేవాడు మరిచిపోతే ఓటు పోతుంది. జీవిత సభ్యుడికి బాకీ అన్న మాటే లేదు కాబట్టి ఇరవై ఏళ్లు ముఖం చూపించకపోయినా ఓటు పదిలంగా ఉంటుంది.

దాంతో వింత పరిస్థితులు వస్తాయి. పుస్తకంలో మూడొందల పేర్లుంటాయి. సమావేశానికి పాతికమంది వస్తారు. కోరం లేక సభ వాయిదా. మిగతావాళ్లలో కొందరు ఊళ్లు మారారు, కొందరు పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లారు, కొందరు కాలం చేశారు. ఆ కబురు సంఘానికి చెప్పినవాళ్లు లేరు. ఇక ఎన్నికలంటూ వస్తే, ఎప్పుడూ కనిపించని ఓట్లే గెలుపోటములు తేల్చేస్తాయి. నెలనెలా వచ్చి కుర్చీలు సర్దేవాడి మాట చెల్లదు.

సంఘమే మూతపడితే? కట్టిన డబ్బు వెనక్కొస్తుందనుకుంటే పొరపాటే. అదే చట్టంలో 14వ సెక్షన్ ప్రకారం అప్పులు తీర్చగా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోకూడదు. సభకు వచ్చినవాళ్లలో అయిదింట మూడువంతుల మంది నిర్ణయించిన మరో సొసైటీకి ఇచ్చేయాలి. అంటే 'జీవిత' సభ్యత్వంలోని జీవితం సభ్యుడిది మాత్రమే కాదు. సంఘానిది కూడా. ఏది ముందు ముగిస్తే సభ్యత్వం అంతవరకే!

మధ్యేమార్గం

అలాగని జీవిత సభ్యత్వాన్ని తప్పుపట్టక్కర్లేదు. సంఘానికి సొంత గది, గ్రంథాలయం లాంటివి సమకూరాలంటే అలాంటి పెద్ద మొత్తాలే ఆసరా. కాకపోతే కొన్ని జాగ్రత్తలు కావాలి. రుసుమును ఎప్పుడో రాసిన అంకె దగ్గర వదిలేయకుండా వార్షిక చందాకు ఇన్నిరెట్లు అని ముడిపెట్టాలి. వడ్డీ తగ్గితే ఆ రెట్లు పెంచాలి. పాతికేళ్ల కుర్రాడికీ అరవై అయిదేళ్ల పెద్దాయనకూ ఒకే రుసుము ఎందుకు? వయసును బట్టి పెట్టొచ్చు. 'జీవితాంతం' బదులు పదేళ్లు, పదిహేనేళ్ల సభ్యత్వం ఇవ్వొచ్చు. అచ్చు బులెటిన్ కావాలన్నవారి దగ్గరే దాని ఖర్చు తీసుకోవచ్చు. రెండు మూడేళ్లకోసారి 'ఉన్నాను, ఇదీ నా చిరునామా' అని సభ్యుల నుంచి ఒక సంతకం తీసుకుంటే జాబితా శుభ్రపడుతుంది. జీవిత సభ్యులు కూడా ఏటా తోచినంత విరాళంగా ఇస్తే, అంతకుమించిన మేలు లేదు.

చెక్కు రాసేముందు...

* జీవిత సభ్యత్వ నిధికి విడిగా ఖాతా ఉందా? ఆస్తి అప్పుల పట్టీలో ఆ పేరుతో కనిపిస్తోందా?

* రుసుము వార్షిక చందాకు ఎన్నిరెట్లు? అన్నేళ్లు మీరు నిజంగా సంఘంతో ఉంటారా?

* గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు సభ్యులకు ఇచ్చారా?

* బులెటిన్, గ్రంథాలయం, ఓటు... ఏవేవి ఇస్తామని బైలాల్లో రాసుంది? తరవాత మార్చే వీలుందా?

* ఊరు మారితే సభ్యత్వం ఏమవుతుంది? సాధారణంగా తాతగారి సభ్యత్వం మనవడికి రాదు.

* చేరి ఏడాదే అయిందా? ముందు రెండేళ్లు వార్షిక చందా కట్టి చూడండి. సరదా నిలిస్తే అప్పుడు ఆలోచించొచ్చు.

నిజానికి వార్షిక చందా అంటే డబ్బు ఒక్కటే కాదు. అది బడిలో హాజరు లాంటిది. ఏడాదికోసారి సభ్యుడు 'నేనున్నా' అంటాడు. సంఘం కూడా 'ఈ ఏడాది నీకోసం ఇదీ చేశాం' అని చెప్పుకోవాల్సి వస్తుంది. జీవిత సభ్యత్వంతో ఆ పిలుపూ పలుకూ ఆగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఒకేసారి కట్టేసినవాళ్లు డబ్బు బాకీ లేకపోయినా హాజరు బాకీ ఉన్నట్టే. వచ్చే ఆదివారం సమావేశానికి వెళ్లి దాన్ని తీర్చేస్తే సరి!