పరాయి మైదానంలో గెలుపు, ఊళ్లో సంబరం

సొంత మైదానంలో జట్టు గెలిస్తే అభిమాని చప్పట్లు కొట్టి ఊరుకుంటాడు. పరాయి మైదానంలో గెలిస్తే కనిపించినవాళ్లందరినీ ఆపి మరీ చెబుతాడు. హాకీలో ఈ తేడా ఇంకా ఎక్కువ. తెలుగు నేలపై హాకీని పట్టించుకునేవారు కొద్దిమందే. వాళ్లకు గుర్తుండిపోయిన గెలుపుల్లో చాలావరకు కౌలాలంపూర్, బ్యాంకాక్, టోక్యో వంటి దూరపు ఊళ్లలో దక్కినవే.

పరాయి మైదానం కష్టమనడానికి మొదటి కారణం జనం. స్టేడియమంతా అవతలి జట్టు పేరే అరుస్తుంటే పక్కనున్న ఆటగాడి కేక కూడా చెవిన పడదు. ఆ హోరు ఆటగాళ్లతోపాటు తీర్పు చెప్పేవారి మీదా పనిచేస్తుంది. బ్రిటన్ పరిశోధకులు 2002లో ఫుట్‌బాల్ రిఫరీలకు కొన్ని ట్యాకిల్స్ వీడియోలో చూపించారు. కొందరికి జనం అరుపులతో, మరికొందరికి శబ్దం లేకుండా. అరుపులు విన్న రిఫరీలు ఇంటి జట్టు మీద ఫౌళ్లు సుమారు 15 శాతం తక్కువగా ఇచ్చారు. హాకీలో ఇప్పుడు వీడియో రిఫరల్ ఉంది. అయినా అంపైర్ విజిల్ ఊదే ఆ క్షణం మైదానంలోని జనానిదే. రెండో కారణం, అంపైర్ ఒక్క విజిల్‌తో దక్కే పెనాల్టీ కార్నర్. గోల్ కాపాడే జట్టులో గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే గోల్‌లైన్ వెనక నిలబడి, బంతి కదలగానే ఎదురుగా పరుగెత్తాలి. స్టిక్కుతో బంతిని ఈడ్చి విసిరే డ్రాగ్‌ఫ్లిక్ ఆటగాడికి గోలు కనిపించేది ఒకటి రెండు క్షణాలే. ఆ ఒక్క దెబ్బతో మ్యాచ్ మొత్తం తారుమారైపోతుంది.

1975 ప్రపంచకప్ సెమీఫైనల్ దీనికి మంచి ఉదాహరణ. కౌలాలంపూర్‌లో ఆతిథ్య జట్టు మలేసియాతోనే భారత్ ఆడాల్సి వచ్చింది. స్టేడియమంతా మలేసియా జనమే. ఆ రోజుల్లో ఆట 70 నిమిషాలు. ఐదు నిమిషాల ఆట మిగిలి ఉండగా భారత్ 1–2తో వెనకబడి ఉంది. అప్పుడు ఒక పెనాల్టీ కార్నర్ దక్కింది. అంతవరకు బెంచీ మీద కూర్చున్న అస్లాం షేర్‌ఖాన్‌ను లోపలికి పంపారు. అతడు మెడలోని తాయెత్తును ముద్దు పెట్టుకుని కొట్టిన బంతి గోల్లో పడింది. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ మరో గోల్ చేయడంతో 3–2తో మ్యాచ్ మనదైంది. మార్చి 15న ఫైనల్‌లో పాకిస్తాన్‌ను 2–1తో ఓడించి భారత్ కప్పు గెలిచింది. అయినా పాత తరం అభిమానులు ఫైనల్ కంటే ముందు ఆ తాయెత్తు కథే ఎత్తుకుంటారు. జస్‌దేవ్ సింగ్ హిందీ వ్యాఖ్యానాన్ని ఆకాశవాణిలో విన్నవాళ్లకు ఆ గోల్ కంటితో చూసినదానికంటే ఎక్కువ. తెరమీద చూసినవాడికి గోల్ ఒక్కటే. రేడియోలో విన్నవాడికి ఆ ముందున్న గుండెదడ కూడా గుర్తుంటుంది.

గెలుపు వార్త అందరికీ ఒకే రోజు, ఒకే రకంగా చేరదు. 1948 ఆగస్టు 12న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో భారత్ బ్రిటన్‌ను 4–0తో ఓడించి ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. నిన్నమొన్నటిదాకా ఏలిన దేశాన్ని వాళ్ల రాజధానిలోనే ఓడించడం, అదీ స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండటానికి మూడు రోజుల ముందు. పరాయిగడ్డ గెలుపుల్లో దీన్ని మించింది వెతికినా దొరకదు. కానీ ఆ వారం తెలంగాణలోని జనగామ ప్రాంతానికి పండగ లేదు. నిజాం సంస్థానం ఇంకా భారత్‌లో కలవలేదు. విసునూరు దొరల మీద తిరగబడ్డ పల్లెలు, దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి, చాకలి ఐలమ్మ పంట కాపాడుకున్న పాలకుర్తి, అన్నీ ఆ చుట్టుపక్కలవే. వెంబ్లీ గెలుపు తర్వాత సరిగ్గా పదిహేను రోజులకు, ఆగస్టు 27న, జనగామకు చేరువలోని బైరాన్‌పల్లి మీద నిజాం పక్షాన ఉన్న రజాకార్లు విరుచుకుపడ్డారు. జనగామ దగ్గరి రఘునాథపల్లికి, ఆ చుట్టుపక్కల ఊళ్లకు ఆ ఆగస్టులో ప్రాణం నిలుపుకోవడమే పెద్ద ఆట. నిజాం సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17 తర్వాతగానీ వెంబ్లీలో గెలిచిన జట్టు ఇక్కడివారికీ మన జట్టు కాలేదు.

1975 కప్పు తర్వాత హాకీ అభిమానికి సంతోషాలు తగ్గుతూ వచ్చాయి. అందుకు మైదానమే కారణం. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి సహజమైన గడ్డికి బదులు సింథటిక్ టర్ఫ్ పరిచారు. గడ్డిమీద బంతిని మలుపులు తిప్పే నేర్పు టర్ఫ్‌మీద సగానికి సగం అక్కరకు రాలేదు. బంతి నేరుగా, వేగంగా దూసుకుపోతుంది. ఒంట్లో దమ్మున్నవాడిదే పైచేయి. భారత్ ఆ ఒలింపిక్స్‌లో ఏడో స్థానంలో నిలిచింది. టర్ఫ్ పరచడానికి కోట్లు కావాలి. అది మన పల్లెలకే కాదు, చాలాకాలం పట్నాలకూ అందలేదు. కాబట్టి 1980లో మాస్కో స్వర్ణం వచ్చినా, ఆ తర్వాత విదేశాల్లో ఆడిన ప్రతి మ్యాచూ రెండు రకాలుగా పరాయిదే. దేశమూ పరాయిదే, కాలి కింది నేలా పరాయిదే.

ఆ కరువును తీర్చింది 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడలు. తెలుగువారికి అందులో సొంత మనిషి ఒకడున్నాడు. హైదరాబాద్ ఫార్వర్డ్ నందనూరి ముకేశ్ కుమార్ అప్పటికే బార్సిలోనా, అట్లాంటా ఒలింపిక్స్ ఆడి వచ్చాడు. ధన్‌రాజ్ పిళ్లై కెప్టెన్. ఫైనల్ దక్షిణ కొరియాతో. అదనపు సమయం ముగిసినా 1–1తో సమంగానే ఉంది. పెనాల్టీ స్ట్రోకులకు వెళ్లాక గోల్‌కీపర్ ఆశిష్ బల్లాల్ అడ్డుగోడలా నిలిచాడు. భారత్ గెలిచింది. ఆసియా క్రీడల హాకీ స్వర్ణం 32 ఏళ్ల తర్వాత, అదీ 1966లో గెలిచిన ఆ బ్యాంకాక్‌లోనే, తిరిగి చేతికొచ్చింది. ముకేశ్ 2000లో సిడ్నీ ఒలింపిక్స్ కూడా ఆడాడు. 2003లో పద్మశ్రీ అందుకున్నాడు. హైదరాబాద్ వీధుల్లో క్రికెటర్‌ను గుర్తుపట్టినట్టు అతణ్ని గుర్తుపట్టేవాళ్లు ఎందరున్నారో చెప్పడం కష్టం. హాకీ అభిమానికి అదొక తీరని కోపం.

గెలిచిన మర్నాడు అభిమాని ఎందుకు అంత పొంగిపోతాడన్నది మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొలిచి చూసిన విషయమే. అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ చాల్డీనీ బృందం 1976లో వెలువడిన అధ్యయనం కోసం కొన్ని విశ్వవిద్యాలయాల విద్యార్థులను గమనించింది. తమ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన వారం తర్వాతి సోమవారం, విశ్వవిద్యాలయం పేరున్న బట్టలు వేసుకొచ్చేవారు పెరిగారు. గెలుపు గురించి అడిగితే తామూ ఆడినట్టే చెప్పారు. ఓటమి గురించి అడిగితే జట్టు ఓడిందన్నారు. 1998లో వెలువడిన మరో అధ్యయనం 1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ చూసిన అభిమానుల లాలాజలాన్ని పరీక్షించింది. బ్రెజిల్ అభిమానుల్లో టెస్టోస్టెరాన్ పెరిగింది, ఇటలీ వాళ్లలో తగ్గింది. కుర్చీలో కూర్చుని చూసినవాడి ఒంట్లోనూ ఆట జరుగుతుందన్నమాట. జట్టు దూరదేశంలో, అవతలివారి కేకల మధ్య గెలిచిందంటే అభిమాని తనకు తాను రాసుకునే వాటా ఇంకా పెద్దది. పక్కన ఎవరూ లేని జట్టుకు తానొక్కడే తోడున్నానన్న లెక్క అది. ఆ లెక్కకు ఆధారం లేదు. అయినా అభిమాని దాన్ని వదులుకోడు.

రఘునాథపల్లి జనగామ జిల్లాలో ఒక మండల కేంద్రం. హైదరాబాద్–వరంగల్ రహదారి, సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం రెండూ ఇటే పోతాయి. ఇలాంటి ఊళ్లలో సాయంత్రాలు క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ కనిపిస్తాయి. హాకీ స్టిక్కు పట్టిన పిల్లలు అరుదు. అందుకే ఇక్కడ హాకీ సంబరం నిలువునా లేచి, అంతే తొందరగా చల్లారుతుంది. 2021 ఆగస్టు 2 అలాంటి రోజు. టోక్యోలో భారత మహిళల జట్టు మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడి, అతికష్టం మీద క్వార్టర్‌ఫైనల్‌కు చేరింది. ఎదురుగా ఉన్నది మూడుసార్లు ఒలింపిక్ విజేత ఆస్ట్రేలియా. 22వ నిమిషంలో గుర్‌జీత్ కౌర్ పెనాల్టీ కార్నర్ నుంచి గోల్ కొట్టింది. ఆ తర్వాత ఆటంతా గోల్‌కీపర్ సవితా పునియాదే. ఆస్ట్రేలియాకు పెనాల్టీ కార్నర్లు వచ్చినా ఒక్కటీ లోపల పడలేదు. 1–0. కోవిడ్ వల్ల గ్యాలరీలు ఖాళీ. ఆ మ్యాచ్‌కు ప్రేక్షకులంటే టీవీల ముందున్నవాళ్లే. “మనోళ్లు కొట్టిండ్రు” అని ఫోన్లలో చెప్పుకున్నవారిలో అంతకుముందు ఒక్క హాకీ మ్యాచూ చూడనివారు ఎందరో. మూడు రోజుల తర్వాత పురుషుల జట్టు జర్మనీ మీద 1–3 నుంచి పుంజుకుని 5–4తో కాంస్యం గెలిచింది. ఒలింపిక్స్‌లో 41 ఏళ్ల తర్వాత వచ్చిన పతకం. చివరి క్షణాల పెనాల్టీ కార్నర్‌ను గోల్‌కీపర్ శ్రీజేశ్ ఆపకుంటే ఆ లెక్కే వేరు.

హైదరాబాద్‌కు హాకీ బాగా దగ్గరైన కాలమూ ఒకటుంది. 2003లో ఆఫ్రో–ఆసియా క్రీడలు ఇక్కడే జరిగాయి, భారత్ ఫైనల్‌లో పాకిస్తాన్‌ను ఓడించింది. 2005లో మొదటి ప్రీమియర్ హాకీ లీగ్ గచ్చిబౌలిలో నడిస్తే హైదరాబాద్ సుల్తాన్స్ కప్పు కొట్టింది. ఆ లీగ్ 2008 దాటలేదు. 2024 డిసెంబర్‌లో హాకీ ఇండియా లీగ్ మళ్లీ మొదలైనప్పుడు హైదరాబాద్ తూఫాన్స్ పేరుతో జట్టు వచ్చింది. మ్యాచ్‌లు మాత్రం హైదరాబాద్‌కు రాలేదు. ఆ సీజన్‌లో పురుషుల లీగ్‌కు రౌర్కెలాలోని బిర్సా ముండా స్టేడియమే ప్రధాన వేదిక అయింది. కాగితం మీద అది తటస్థ మైదానం. హైదరాబాద్ అభిమానికి మాత్రం ప్రతి మ్యాచూ పరాయి ఊరి మ్యాచే. సెమీఫైనల్‌లో సూర్మా హాకీ క్లబ్‌ను ఓడించిన రోజు కూడా సంబరం టీవీ ముందే జరగాల్సి వచ్చింది. గెలిచిన జట్టును చూడటానికి స్టేడియానికి వెళ్లే వీలు కూడా లేకపోయింది. 2025 ఫిబ్రవరి 1న ఫైనల్‌లో హైదరాబాద్ తరఫున అర్జెంటీనాలో పుట్టి జర్మనీకి ఆడుతున్న గొంజాలో పైలట్ రెండు గోల్స్, అమన్‌దీప్ లక్రా ఒకటి కొట్టారు. ష్రాచీ రాఢ్ బెంగాల్ టైగర్స్‌కు జుగ్‌రాజ్ సింగ్ ఒక్కడే మూడు కొట్టాడు. 54వ నిమిషంలో సామ్ లేన్ నాలుగోది వేశాడు. 4–3తో హైదరాబాద్ ఓడింది.

మహిళల లీగ్‌లో హైదరాబాద్ పేరుతో జట్టే లేదు. అక్కడ తెలుగు అభిమాని జట్టును పక్కనపెట్టి ఆటగాళ్లనే చూసుకోవాలి. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన గోల్‌కీపర్ ఇతిమరపు రజని 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌లో భారత జట్టుకు కెప్టెన్. ఆ జట్టు ఫైనల్‌దాకా వెళ్లి నెదర్లాండ్స్ చేతిలో ఓడింది.