పాత బుల్లెట్టుకు కొత్త బోల్టు - లావు కలిస్తే చాలదు, మర కలవాలి

పాల క్యాన్లకూ, ఎరువు బస్తాలకూ, పొలం రాకపోకలకూ మన పల్లెల్లో పాత బుల్లెట్ మోటారు సైకిళ్ళు యిప్పటికీ తిరుగుతూనే వున్నాయి. ఇంజను బాగానే వుంటుంది. దారిలో ఎక్కడో ఒక బోల్టు జారిపోతుంది. మెకానిక్కు తన డబ్బాలో చెయ్యిపెట్టి, చూపుకు సరిపోయే బోల్టు తీసి బిగిస్తాడు. బండి పాడవటం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

కారణం చిన్నదే. రెండున్నర సూతుల బోల్టు, అంటే అంగుళంలో 16 వంతుల్లో 5 వంతులు, లావు 7.94 మిల్లీమీటర్లు. మెట్రిక్ 8 నెంబరు బోల్టు 8 మిల్లీమీటర్లు. ఈ తేడా కంటికి ఆనదు, చేతికీ తెలియదు. కాని మరల దూరం వేరు. 8 నెంబరు బోల్టుకు అంగుళానికి సుమారు 20 మరలు వస్తాయి. హార్డువేరు కొట్లో దొరికే మామూలు రెండున్నర సూతుల బోల్టుకు 18. పాత ఇంగ్లీషు సన్న మరకు 22. అందులోనే ‘సైకిలు మర’ అనేదానికి 26. ఒక రకం బోల్టు మరొక రకం రంధ్రంలో ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. ‘తుప్పు పట్టి బిగుసుకుంది’ అనుకుని పానాతో లాగితే, ఇనుప బోల్టుకు ఏమీ కాదు, అల్యూమినియం కేసులోని మర మాత్రం తెగిపోతుంది. పోయింది కొద్ది రూపాయల బోల్టు, ఖర్చు మాత్రం కేసు విప్పి లేతు షాపుకు మోసుకుపోయేంత.

ఈ గందరగోళం వెనుక చరిత్ర వున్నది. మద్రాసులో 1955లో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా, ఇంగ్లండు నమూనాతోనే బుల్లెట్ తయారీ చేపట్టింది. కాబట్టి మరలూ ఇంగ్లండువే. దేశంలో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది 1956లో. ఆ పైన యిన్నేళ్ళలో ఎన్ని చేతులు మారి ఎవరెవరు ఏమేమి బిగించారో బండికే తెలియాలి! ఒకే బండిలో మూడు రకాల మరలు కనిపించినా ఆశ్చర్యం లేదు. కొన్ని స్టడ్డులకైతే అల్యూమినియంలో దిగే కొసకు ముతక మర, నట్టు ఎక్కే కొసకు సన్న మర వుంటాయి.

గుర్తించడం కష్టం కాదు. అసలు బోల్టు వుంటే దానినీ కొత్తదానినీ పక్కపక్కన మర మీద మర ఆనించి వెలుతురుకు ఎత్తి చూడాలి. దువ్వెనలా ఒకదానిలో ఒకటి కూర్చుని సందులోంచి వెలుగు రాకపోతే రెండూ ఒకటే. అసలు బోల్టు పోయివుంటే అలాంటిదే మరొక చోటిది విప్పి నమూనాగా తీసుకోవాలి. మరల గేజి వుంటే యింకా మంచిది.

సన్న మరల బోల్టులు మామూలు కొట్లో దొరకవు. సికిందరాబాదు రాణీగంజ్, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వెదకాలి. నమూనా జేబులో లేకుండా బస్సెక్కడం దండుగ. ఏ బోల్టు ఎక్కడిదో చీటీ రాసి తీగతో కట్టుకుంటే కొట్టువాడితో వాదన తగ్గుతుంది. ఎక్కడా దొరక్కపోతే లేతు మీద చేయించుకోవచ్చు. అయితే చక్రం ఇరుసుకూ, బ్రేకు భాగాలకూ మెత్తని కడ్డీతో చేసినవి వాడరాదు. మెట్రిక్ బోల్టులైతే తలమీద 8.8 అంకె వున్నవి గట్టివి. స్టెయిన్‌లెస్ స్టీలు మెరుపు చూసి మోజు పడేవారు వున్నారు. మడ్గార్డుకు ఫరవాలేదు. అల్యూమినియంలో గ్రీజు లేకుండా బిగిస్తే కొన్నాళ్ళకు అతుక్కుపోతాయి.

బిగించే ముందు రంధ్రంలోని మట్టి, నూనె తుడవాలి. అడుగు మూసిన రంధ్రమైతే చీపురుపుల్లతో లోతు కొలవాలి. బోల్టు పొడవైతే అడుగున తగిలి ఆగుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది కాని పట్టు వుండదు. పొట్టిదీ ప్రమాదమే. అల్యూమినియంలో బోల్టు లావుకు ఒకటిన్నర రెట్లయినా లోపలికి దిగాలి, రెండున్నర సూతులదైతే సుమారు అర అంగుళం. మొదట బోల్టును వెనక్కు తిప్పితే మర కొస ‘టక్’మని పడుతుంది. అక్కడినుంచి ముందుకు, నాలుగు చుట్లు వేళ్ళతోనే తిరగాలి. తిరగకపోతే ఆపి తీయాలి. స్క్రూ స్పానరు తల మూలలు అరగదీస్తుంది, సరైన రింగు పానాయే వాడాలి. ఇంగ్లీషు పానా మీది అంకె బోల్టు లావును చెబుతుంది, తల వెడల్పును కాదు.

బిగుసుకున్న పాత బోల్టుకు రాత్రంతా కిరోసిన్ గాని డీజిల్ గాని పట్టించి, తలమీద సుత్తితో నాలుగు దెబ్బలు వేసి విప్పాలి. కేసును వేడిచేస్తే అల్యూమినియం ఇనుముకన్న ఎక్కువ సాగి బోల్టును వదులుతుంది. మంట పెట్టేముందు పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టాలి, కార్బురేటరులోని పెట్రోలూ తీసేయాలి.

నైలాను నట్టు పొగగొట్టం దగ్గర పనికిరాదు, వేడికి నైలాను కరుగుతుంది. అక్కడ ఇత్తడి నట్టు మేలు, తుప్పుపట్టి పట్టేయదు. ఇరుసు నట్టుకు చీలిక పిన్ను వుండవలసిన చోట పాత పిన్నునే మళ్ళీ వంచక కొత్తది వేయాలి. కొత్తగా బిగించిన బోల్టులను నూరు కిలోమీటర్లు తిరిగాక ఒకసారి పానా పెట్టి చూసుకోవాలి.